ఒక్కో దేశానికి ఒక్కో పిన్‌కోడ్ పద్ధతి: ఆర్డర్ ఫారంలో ఏం పెట్టాలి?

కొత్తవాడ_మగ్గం
అందరికీ నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో జంపఖానాలు నేస్తాం. ఈ మధ్య సొంత వెబ్‌సైట్ పెట్టుకుని అమ్ముతున్నాం. హైదరాబాద్, బెంగళూరు, పుణె ఆర్డర్లతో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు అడుగుతుంటే అసలు సమస్య మొదలైంది.

మా ఫారంలో పిన్‌కోడ్ గడి ఆరంకెలు నింపితేనే ముందుకు పోతుంది. లండన్ నుంచి ఒకావిడ "నా కోడ్‌లో అక్షరాలున్నాయి, మీ ఫారం తీసుకోవట్లేదు" అని మెసేజ్ పెట్టారు. దుబాయి అతను ఆరు సున్నాలు కొట్టి పంపాడు. అమెరికా వాళ్లు వాట్సాప్‌లో పంపిన అడ్రస్‌ను ఎక్సెల్‌లో ఎక్కిస్తే కోడ్ నాలుగంకెలే కనిపిస్తోంది. జంపఖానా బరువైన సరుకు. అడ్రస్ తేడా వచ్చి వెనక్కి తిరిగొస్తే రవాణా ఖర్చే సరుకు ధరను దాటిపోతుంది, అదే టెన్షన్.

ఏ దేశానికి ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్పండి. అసలు ఇన్ని రకాలు ఎందుకున్నాయో కూడా తెలుసుకోవాలని ఉంది.

హన్మకొండ_ఆమ్‌స్టర్‌డామ్
అన్నా, ముందు ఒక్కటి చేయండి. ఫారంలో దేశం గడిని అన్నిటికంటే పైన పెట్టండి. దేశం తెలియకుండా కోడ్ చూసి ఏమీ చెప్పలేం. సింగపూర్ కోడ్ కూడా మనలాగే ఆరంకెలే. మీ ఫారం దాన్ని చక్కగా తీసేసుకుని, ఇండియా పిన్ అనుకుని, ఏదో ఒక ఊరి పేరు నింపేస్తుంది. చైనాకూ ఆరంకెలే.

సార్టర్_కాజీపేట
తమ్ముడూ, నేను ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఎందుకిన్ని రకాలు అన్నదానికి నాకు తెలిసినంత చెప్తాను.

మీ 506002 తీసుకుందాం. మొదటి 5 అంటే దక్షిణాదిలో తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక. 50 వరకు చదివితే తెలంగాణ వైపు అని తెలుస్తుంది. 506 అంటే వరంగల్ సార్టింగ్ జిల్లా. చివరి మూడంకెలు డెలివరీ ఇచ్చే పోస్టాఫీసువి. హన్మకొండకు 001, వరంగల్‌కు 002, మా కాజీపేటకు 003. ఢిల్లీలో కూర్చున్న సార్టర్‌కు కొత్తవాడ ఎక్కడుందో తెలియనక్కర్లేదు. మొదటి అంకె చూసి ఉత్తరాన్ని దక్షిణం గూట్లో పడేస్తాడు. ఇక్కడికి దగ్గరయ్యే కొద్దీ ఒక్కో అంకె పనికొస్తుంది. చివరి మూడూ చూసే అవసరం 506 సంచి విప్పినవాడికే.

ఇది 1972 ఆగస్టు 15న మొదలైంది. దీన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అదనపు కార్యదర్శి. అంతకుముందు సార్టర్ జ్ఞాపకశక్తే ఆధారం. మన దగ్గరే చూడండి, వెంకటాపూర్‌లు ఎన్ని, రాంపూర్‌లు ఎన్ని, నాగారాలు ఎన్ని! పైగా ఒకరు తెలుగులో రాస్తారు, ఒకరు ఉర్దూలో, ఇంకొకరు హిందీలో. అందుకే పాతకాలం అడ్రసుల్లో "వయా పరకాల", "వయా జనగామ" అని తప్పకుండా రాసేవారు. పిన్‌కోడ్ వచ్చాక ఆ "వయా" చేసే పనిని అంకెలు చేస్తున్నాయి.

ఇందులో అందరూ గమనించాల్సిన విషయం ఒకటుంది. పిన్‌కోడ్ మీ ఇంటిది కాదు, మీ ఊరిది కూడా కాదు. మీకు డెలివరీ ఇచ్చే పోస్టాఫీసుది. దేశంలో పోస్టాఫీసులు లక్షన్నరకు పైగా ఉంటే పిన్‌కోడ్‌లు 19 వేల చిల్లరే. పల్లెల్లోని బ్రాంచ్ పోస్టాఫీసులు చాలావాటికి పైనున్న సబ్ పోస్టాఫీసు కోడే వర్తిస్తుంది. మిగతా దేశాలు తమ కోడ్‌ను ఎక్కడి వరకు తీసుకెళ్లాలనుకున్నాయో దాన్ని బట్టి పద్ధతులు వేరయ్యాయి. కొన్ని పోస్టాఫీసు దగ్గర ఆపాయి, కొన్ని వీధి దాకా, కొన్ని బిల్డింగ్ దాకా, కొన్ని తలుపు దాకా తీసుకెళ్లాయి.

ఎల్కతుర్తి_రైతుబిడ్డ
సార్, ఇప్పుడర్థమైంది. మాది హన్మకొండ జిల్లా. కానీ పిన్ 505తో మొదలవుతుంది. ఏ వెబ్‌సైట్‌లో పిన్ కొట్టినా జిల్లా దగ్గర దానంతటదే కరీంనగర్ అని వస్తుంది. మార్చుదామంటే మారదు. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లో కూడా ఇదే గొడవ.

సార్టర్_కాజీపేట
అవును బాబూ. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మీ మండలం కరీంనగర్ నుంచి ఇటు వచ్చింది. పిన్ మాత్రం మారలేదు, మారాల్సిన పని కూడా లేదు. సంచి వెళ్లే దారి మారలేదు కదా. జనగామ వేరే జిల్లా అయినా ఇప్పటికీ 506167. భద్రాచలం పక్కనున్న చింతూరు, కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినా వాటి కోడ్ ఖమ్మం 507తోనే మొదలవుతుంది. ఫారం తయారుచేసేవాళ్లు పిన్‌ను బట్టి జిల్లాను ఖాయం చేయడమే తప్పు. కావాలంటే సూచనగా చూపించి, మార్చుకునే వీలు ఇవ్వాలి.

కోడ్_కాకతీయ
ఇది సాఫ్ట్‌వేర్‌లో రోజూ చూసే తప్పు. కొత్తవాడ అన్నా, మీ డెవలపర్‌కు తప్పకుండా చెప్పండి.

మీ ఎక్సెల్ సంగతి: అమెరికా జిప్ కోడ్ ఐదంకెలు. ఈశాన్య రాష్ట్రాలకు 0తో మొదలై పసిఫిక్ తీరానికి 9 అవుతుంది. మీకు కనిపించిన నాలుగంకెలు బహుశా న్యూజెర్సీయో మసాచుసెట్సో అయి ఉంటాయి. మనవాళ్లు బాగా ఉండే ఎడిసన్ కోడ్ 08820. ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని ముందున్న సున్నా తీసేసి 8820 చేస్తుంది. ఆస్ట్రేలియాలో డార్విన్ 0800 అయితే 800 అయిపోతుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకుని ఎక్కించండి. డేటాబేస్‌లో కూడా టెక్స్ట్‌గానే ఉంచాలి. కోడ్‌లను కూడబోం, తీసివేయబోం కాబట్టి సంఖ్యగా ఉంచి లాభం లేదు.

కొత్తవాడ_మగ్గం
ఆ ఆర్డర్ ఎడిసన్‌దే తమ్మీ! ఇప్పుడే చూశాను. కొన్ని అమెరికా అడ్రసుల్లో ఐదంకెల తర్వాత గీత పెట్టి ఇంకో నాలుగంకెలున్నాయి. అవి రాయాలా?

కోడ్_కాకతీయ
ఉంటే రాయండి, లేకపోతే ఐదంకెలు చాలు. జిప్ కోడ్ 1963 జులై 1న వచ్చింది. ఆ అదనపు నాలుగు 1983లో చేర్చారు. ఒక వీధిలో ఒక వైపు, లేదా ఒక పెద్ద బిల్డింగ్‌లో ఒక భాగం, అంత చిన్న ముక్కను గుర్తించడానికి. మీ ఫారం రెండు రకాలనూ ఒప్పుకోవాలి.

లండన్ ఆవిడ కోడ్: బ్రిటన్‌లో ఖాళీ కాకుండా 5 నుంచి 7 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. బకింగ్‌హామ్ ప్యాలెస్‌ది ఎస్‌డబ్ల్యూ1ఏ 1ఏఏ. ఖాళీకి ముందున్న భాగం ఊరినీ డెలివరీ ఆఫీసునూ చెప్తుంది, తర్వాతి భాగం కొద్ది ఇళ్ల దాకా తీసుకెళ్తుంది. సగటున ఒక కోడ్‌కు 15 అడ్రసులు. 1959లో నార్విచ్ పట్టణంలో ప్రయోగం మొదలుపెట్టి, దేశమంతటికీ ఇవ్వడం 1974లో పూర్తి చేశారు. కెనడాది కూడా అక్షరం, అంకె, అక్షరం, ఖాళీ, మళ్లీ అంకె, అక్షరం, అంకె. అక్కడ డి, ఎఫ్, ఐ, ఓ, క్యూ, యూ అక్షరాలు అసలు వాడరు. అందుకే కెనడా అడ్రస్‌లో ఓ అక్షరంలా కనిపించేది ఎప్పుడూ సున్నానే. ఎవరైనా ఫోన్‌లో చెప్తుంటే ఇది గుర్తుంచుకోండి.

హన్మకొండ_ఆమ్‌స్టర్‌డామ్
నేనుండే నెదర్లాండ్స్ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. నాలుగంకెలు, రెండక్షరాలు. దానికి ఇంటి నంబర్ కలిపితే అడ్రస్ పూర్తయినట్టే, వీధి పేరు, ఊరి పేరు దానంతటవే వస్తాయి. ఫుడ్ ఆర్డర్ నుంచి కరెంటు కనెక్షన్ దాకా ఆ రెండే అడుగుతారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో వీధి పేర్లు పలకలేక అవస్థపడుతున్నప్పుడు ఇదే నన్ను ఆదుకుంది.

ఇందులో చరిత్ర కూడా ఉంది. ఎస్‌ఎస్, ఎస్‌డీ, ఎస్‌ఏ అనే అక్షరాల జంటలను కోడ్‌లలో వాడరు. నాజీ దళాల పేర్లు అవి. 1970ల చివర్లో కోడ్‌లు పెట్టేనాటికి యుద్ధం చూసినవాళ్లు ఎందరో బతికే ఉన్నారు. వాళ్ల ఇంటి గుమ్మానికి ఆ అక్షరాలు తగిలించకూడదనుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

కరీంనగర్_నర్స్
అక్కా, ఐర్లాండ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇక్కడ ఎయిర్‌కోడ్ అంటారు. ఏడు అక్షరాలు, అంకెలు. మొదటి మూడు ప్రాంతానికి, మిగతా నాలుగు ఆ ఒక్క ఇంటికి. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్‌కు కూడా వేరే కోడ్.

2015 దాకా డబ్లిన్ నగరంలో జిల్లా నంబర్లు తప్ప దేశానికి కోడే లేదు. పల్లెల్లో ఇంటి నంబర్లుండవు, వీధి పేర్లుండవు. దేశంలో మూడో వంతు అడ్రసులు ఇంకో ఇంటితో కలిసిపోయేవి. ఒకే అడ్రస్ పది కుటుంబాలకు ఉంటే పోస్ట్‌మ్యాన్ మనుషుల పేర్లు చూసి ఇచ్చేవాడు. మన ఊళ్లలో "ఫలానా వాళ్ల ఇల్లు" అంటే చాలు కదా, అచ్చం అలాగే. ఇప్పుడు అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఎయిర్‌కోడ్. నర్సుగా చెప్తున్నాను, పల్లెలో గుండెనొప్పి వచ్చిన మనిషికి దీని విలువ ఏంటో నాకు తెలుసు.

పక్కపక్క ఇళ్ల కోడ్‌లకు వరుస ఉండదు. మీ కోడ్ తెలిసినంత మాత్రాన పక్కింటిది ఊహించలేం. మొదట్లో దీన్ని చాలామంది తప్పుపట్టారు. మధ్యలో కొత్త ఇల్లు కడితే వరుస చెడిపోతుందన్న బాధ ఉండదు కదా అని సమర్థించినవాళ్లూ ఉన్నారు.

జగిత్యాల_గల్ఫ్
కొత్తవాడ అన్నా, దుబాయి సంగతి నేను చెప్తా. యూఏఈలో పోస్టల్ కోడ్ అనేదే లేదు. ఖతార్‌లోనూ లేదు. ఉత్తరాలు పోస్ట్‌బాక్స్‌కు వస్తాయి, కంపెనీకో పోస్ట్‌బాక్స్ ఉంటుంది. మీ ఫారం అడిగింది కాబట్టి ఆ మనిషి సున్నాలు కొట్టాడు, అందులో ఆయన తప్పేం లేదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లందరం ఇండియా, అమెరికా వెబ్‌సైట్లలో అలాగే సున్నాలు కొడతాం. వేరే దారి లేదు. లేబుల్ మీద మాత్రం ఆ సున్నాలు రాయకండి. పోస్ట్‌బాక్స్ నంబర్, ఎమిరేట్ పేరు, ఫోన్ నంబర్ రాయండి. ఇంటికి రావాలంటే బిల్డింగ్ పేరు, ఏరియా కూడా. దుబాయిలో బిల్డింగుల మీద మకానీ అని పదంకెల నంబర్ పలక ఉంటుంది, అది పోస్టు కోసం పెట్టింది కాదు గానీ డ్రైవర్‌కు పనికొస్తుంది.

లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్లు ఆర్డర్ ఇస్తే ఇంకా జాగ్రత్తగా చూడాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చిన వేలమంది అలాంటి చోట్లే ఉంటారు. రూం మారుతుంది, సైటు మారుతుంది, ఒక్కోసారి కంపెనీయే మారుతుంది. ఫోన్ నంబర్ లేని పార్శిల్ వాళ్లకు చేరదు. బుక్ చేసే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి, దయచేసి. అమ్మకు, భార్యకు ఇవ్వాలని కొనుక్కున్న వస్తువు గోదాంలో పడి ఉంటే ఆ మనిషికి ఎంత బాధో దగ్గరుండి చూశాను.

సౌదీలో వేరు. అక్కడ ఐదంకెల కోడ్, దానికి తోడు బిల్డింగ్ నంబర్, అదనపు నంబర్ ఉన్న నేషనల్ అడ్రస్ ఉంటుంది. నాలుగక్షరాలు, నాలుగంకెలతో పొట్టి అడ్రస్ కూడా ఇస్తారు. కస్టమర్‌ను అదే అడగండి.

మంచిర్యాల_తమ్ముడు
మా అన్న ఆర్మీలో ఉన్నాడు. ఆయన అడ్రస్‌లో ఊరి పేరే ఉండదు. యూనిట్ పేరు, 56 ఏపీఓ, పిన్ 900056, అంతే. ఎక్కడ పోస్టింగ్ ఉన్నా అదే.

సార్టర్_కాజీపేట
9తో మొదలయ్యేవన్నీ ఆర్మీ పోస్టల్ సర్వీసువి. అవి భూమ్మీద ఒక చోటును చూపించవు. మేము సంచిని ఆర్మీ పోస్టాఫీసు దాకా చేరుస్తాం, యూనిట్ ఎక్కడుందో వాళ్లే చూసుకుంటారు. కొత్తవాడ తమ్ముడూ, జవాన్లకు పంపేటప్పుడు ఊరు గడి తప్పనిసరి అని పెడితే వాళ్లు ఏం రాయాలి? అది కూడా ఆలోచించు. ఇంకోటి, అవి పోస్టు ద్వారానే వెళ్లాలి. ప్రైవేటు కొరియర్‌కు ఇవ్వకు.

ములుగు_మాస్టారు
అందరూ చెప్పింది చదివాను. బయటి దేశాలు ఇంటింటికీ, వీధి వీధికీ కోడ్ ఇచ్చుకుంటుంటే మనం 1972లో ఉన్నచోటే ఉన్నాం కదా అనిపిస్తోంది. నేను పనిచేసే వైపు గూడేలు, తండాలు ఎక్కువ. ఒకే పిన్ కింద పదుల ఆవాసాలు. ఇంటి నంబర్ ఉన్నా గోడ మీద కనిపించదు. కొరియర్ కుర్రాడు "ల్యాండ్‌మార్క్ చెప్పండి" అంటాడు. చింతచెట్టు, వాటర్ ట్యాంకు తప్ప ఏం చెప్తాం? చివరికి మండల కేంద్రానికి వచ్చి తీసుకెళ్లమంటారు. రోజు కూలీ వదులుకుని పార్శిల్ కోసం వెళ్లాలి. పిన్‌కోడ్‌ను తీసేసి కొత్తది తేవాలన్నది నా అభిప్రాయం.

కోడ్_కాకతీయ
మాస్టారూ, కొత్తది వచ్చింది. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి డిజిపిన్ తయారుచేసి 2025 మేలో విడుదల చేసింది. దేశాన్ని ఒక పెద్ద చదరంగా తీసుకుని 16 గడులు చేస్తారు. ఒక్కో గడికి ఒక అంకో అక్షరమో. ఆ గడిని మళ్లీ 16 చేస్తారు. అలా పది సార్లు చేస్తే సుమారు 4 మీటర్ల గడి మిగులుతుంది. పది గుర్తుల కోడ్ అంటే అదే. గూడెంలో ప్రతి గుడిసెకూ, పొలంలో మోటరు షెడ్డుకూ కూడా కోడ్ ఉంటుంది. ఎవరూ ప్రత్యేకంగా కేటాయించనక్కర్లేదు, అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే ఫోన్ లెక్కకట్టేస్తుంది, నెట్ లేకపోయినా.

ఐర్లాండ్ కోడ్‌తో తేడా ఇక్కడే ఉంది. ఎయిర్‌కోడ్‌కు వెనకాల ఒక జాబితా ఉండాలి, ఏ కోడ్ ఏ ఇంటిదో అందులో చూడాలి. డిజిపిన్‌కు జాబితా అక్కర్లేదు, కోడ్‌లోనే చోటు ఉంది. కానీ అది చోటును మాత్రమే చెప్తుంది. అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తుకూ ఐదో అంతస్తుకూ ఒకే డిజిపిన్.

సార్టర్_కాజీపేట
మాస్టారు గారి బాధ న్యాయమైనదే. కానీ పిన్ తీసేయాలన్నదానితో నేను ఒప్పుకోను. డిజిపిన్ చూసి ఈ పార్శిల్ ఏ రైలుకు, ఏ సంచిలో వేయాలో ఎవరు చెప్తారు? మ్యాప్ మీద దగ్గరున్న పోస్టాఫీసు వాగు అవతల ఉండొచ్చు. వర్షాకాలంలో మీ ములుగు వైపు ఆ సంగతి మీకే బాగా తెలుసు. ఏ ఊరికి ఏ పోస్టాఫీసు నుంచి వెళ్లగలమో తెలిసి పెట్టినది పిన్. తపాలా శాఖ కూడా డిజిపిన్‌ను పిన్ స్థానంలో పెట్టలేదు, పక్కన ఉండమంది. సంచి ఎక్కడ విప్పాలో పిన్ చెప్పాలి, విప్పాక ఏ గుమ్మానికి వెళ్లాలో డిజిపిన్ చెప్పాలి.

ఉన్న కోడ్‌ను తీసి కొత్తది పెట్టడం ఎంత పెద్ద పనో జర్మనీని చూడండి. రెండు జర్మనీలు కలిసినప్పుడు రెండింటికీ నాలుగంకెల కోడ్‌లే ఉన్నాయి, ఒకే నంబర్ రెండు వైపులా ఉంది. బాన్‌కూ 5300, వైమర్‌కూ 5300. పడమర వైపుకు ముందు డబ్ల్యూ, తూర్పు వైపుకు ఓ పెట్టుకుని నెట్టుకొచ్చి, చివరికి 1993 జులై 1న దేశమంతా ఐదంకెలకు మారారు. వాళ్లకు తప్పలేదు కాబట్టి చేశారు.

ములుగు_మాస్టారు
సార్, వాగు మాట నిజం, ఒప్పుకుంటాను. అయితే గూడెంలో స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లకు డిజిపిన్ ఎవరు చెప్పాలి? బ్రాంచ్ పోస్ట్‌మాస్టరే ఇంటింటికీ తిరిగి, చీటీ మీద రాసి తలుపుకు అతికిస్తే బాగుంటుంది. మా స్కూల్ పిల్లలతో ముందు మా ఊళ్లో చేయిస్తాను. ఆధార్ కార్డు పక్కన పెట్టుకోమని చెప్తాం.

కరీంనగర్_నర్స్
మాస్టారూ, 108కి ఫోన్ చేసేటప్పుడు పనికొస్తుందేమో కూడా మీ దగ్గర సిబ్బందిని అడిగి చూడండి. వాళ్లు వాడటం మొదలుపెడితే జనం కూడా గుర్తుంచుకుంటారు.

కొత్తవాడ_మగ్గం
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డెవలపర్‌తో మాట్లాడాను. దేశం గడి పైకి వచ్చింది. ఇండియా అంటే ఆరంకెలు అడుగుతుంది, జిల్లా మార్చుకోవచ్చు, డిజిపిన్ ఇష్టమైతే ఇవ్వొచ్చు. బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, నెదర్లాండ్స్‌కు అక్షరాలు ఒప్పుకుంటుంది. యూఏఈ, ఖతార్ అయితే కోడ్ గడి మాయమై పోస్ట్‌బాక్స్ గడి వస్తుంది. ఫోన్ నంబర్ అన్ని దేశాలకూ తప్పనిసరి. ఆర్మీ అడ్రస్‌కు వేరే ఫారం పెట్టిస్తున్నాను. లేబుల్ మీద కోడ్ ఎక్కడ రాయాలో ఒక్కటే మిగిలింది సార్.

సార్టర్_కాజీపేట
వెళ్లే దేశం వాళ్లు ఎలా రాస్తారో అలాగే రాయి. చదివి డెలివరీ ఇచ్చేది వాళ్లు. జర్మనీ, నెదర్లాండ్స్‌లో ఊరి పేరుకు ముందు. అమెరికాలో రాష్ట్రం పేరు తర్వాత. బ్రిటన్‌లో ఊరి పేరు కింద విడిగా ఒక వరుసలో. దేశం పేరు మాత్రం అన్నిటికంటే కింద, ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో. మన దగ్గర సార్ట్ చేసేవాడు చూసేది ఆ ఒక్క వరుసే. కస్టమ్స్ కాగితం మీద కూడా అదే అడ్రస్, అక్షరం తేడా లేకుండా ఉండాలి. జంపఖానా అని ఊరుకోకుండా నూలు తివాచీ అని అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో రాయి.

కొత్తవాడ_మగ్గం
అలాగే సార్. జగిత్యాల అన్నా, హాంకాంగ్ నుంచి ఒకటి, ఒమన్ నుంచి ఒకటి అడిగారు. వాటికి?

హన్మకొండ_ఆమ్‌స్టర్‌డామ్
హాంకాంగ్‌కు కోడ్ లేదన్నా. గడి తీసేయండి.

జగిత్యాల_గల్ఫ్
ఒమన్‌కు ఉంది. మూడంకెలు. పోస్ట్‌బాక్స్ నంబర్ వేరు, కోడ్ వేరు, రెండూ రాయాలి. మస్కట్ రువీ అయితే 112. కస్టమర్ ఒకటే నంబర్ ఇస్తే అది పోస్ట్‌బాక్సో కోడో ఫోన్ చేసి కనుక్కోండి.